ఊఁ కొడుతూనే ఉన్నాడు

ఊఁ ఆగిందంటే జబ్బ మీద గిల్లాలి. ఇషాక్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చునేవాళ్ళకి అదొక్కటే పని, మూడేళ్ళుగా ఆ పని కోటేశ్వరిది. మిరపకోతల రోజుల్లో, తెల్లవారకముందే ముఠా ఆడవాళ్ళు పదిమందీ వెనక సర్దుకున్నాక, ముఠా పెద్దగా ఆమె ముందు సీటు అంచున ఒదిగి కూర్చుని రాత్రి టీవీలో వచ్చిన సీరియల్ కథ మొదలుపెట్టేది. రాత్రిళ్ళు బస్తాలు తోలే ఇషాక్‌కి సీరియల్ చూసే తీరికెక్కడిది? ఆమె చెప్పాలి, అతను ఊఁ కొట్టాలి. ఆమె తప్పితే వెనకనుంచి దిద్దేవాళ్ళు. "అది కాదక్కా, ఉంగరం తీసింది ఆడబిడ్డ కాదు, తోడికోడలు" అని వెంకటరావమ్మ అరిచేది. ఎప్పుడన్నా ఊఁ ఆలస్యమైతే కోటేశ్వరి గిల్లేది. "అబ్బా, వింటన్నా గదక్కా!" అని ఇషాక్ మెలికలు తిరిగేవాడు. ఆటో అంతా నవ్వేది.

ఆ ఆటో వినుకొండ రోడ్డు పక్కన తూములో పడి ఇవాళ్టికి పన్నెండు రోజులు. అందరూ దెబ్బలతో బయటపడ్డారు. వెంకటరావమ్మ ఒక్కతే పోయింది.

మంగళవారం పొద్దున కోటేశ్వరి ఇంటి ముందు పట్టా పరుచుకుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఎడమ మణికట్టుకి కట్టు ఉంది. కట్టులోంచి బయటికొచ్చిన వేళ్ళతో కాయని అదిమిపెట్టి, కుడిచేత్తో తొడిమ విరుస్తోంది. కాయ చీలకూడదు, తొడిమ మొదలు మిగలకూడదు. తెల్లబారిన తాలుకాయ కనిపిస్తే పక్కకి పడేస్తోంది. కోటేశ్వరి చెయ్యి పడిన కుప్పలో తాలుకాయ దొరకదని కొట్లవాళ్ళు కూడా చెప్పుకుంటారు. ఒంటిచేత్తో చేస్తున్నంత మాత్రాన ఆ పేరు పోగొట్టుకునే ఉద్దేశం ఆమెకి లేదు.

వెంకటరావమ్మ మొగుడు యలమంద వచ్చి పట్టా అంచున గొంతుక్కూర్చున్నాడు. నిన్ననే పెద్దకర్మ అయింది. గుండు మీద తువ్వాలు కప్పుకున్నాడు. పలకరించకుండానే చెయ్యి చాపి నాలుగు కాయలు తీసుకుని తొడిమలు విరవటం మొదలుపెట్టాడు. విరిచిన తొడిమల్ని కింద పడెయ్యకుండా గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

"వదినా, ఒకటి అడుగుతా. ఊళ్ళో తలొక మాటా అంటన్నారు."

"అడుగు."

"వాడు నిద్రపోయాడా?"

"లేదు," అంది కోటేశ్వరి.

"నువ్వు చూశావా?"

"చూడ్డమేంటి యలమందా! పక్కనే కూర్చున్నా. కళ్ళు తెరిచే ఉన్నయ్యి. నేను కథ చెప్తన్నా, వాడు ఊఁ కొడతన్నాడు. ఊఁ కొడుతూనే ఉన్నాడు, తూము వచ్చేసింది."

యలమంద గుప్పిట్లోని తొడిమల్ని చూసుకున్నాడు. "నిద్రపోయి చంపాడంటే వాణ్ణి వదలగూడదనుకున్నా వదినా. ఊళ్ళోవాడని గూడా చూడగూడదనుకున్నా. మెలకువలో ఉండి బండి తప్పిందంటే అది వేరు. దానికి ఎవర్నంటాం?" లేచి నిలబడ్డాడు. "శుక్రవారం స్టేషనుకి నన్నూ రమ్మన్నారు. నువ్వక్కడ ఏది చెప్తే నాకూ అదే."

తొడిమల్ని తీసుకెళ్ళి చెత్తకుప్పలో వేసి, చేతులు దులుపుకోకుండానే వెళ్ళిపోయాడు. కారపు చేతులతో కళ్ళు తుడుచుకుంటాడేమోనని కోటేశ్వరి అతను మలుపు తిరిగేదాకా చూసింది.

మధ్యాహ్నం ఇషాక్ తల్లి లాల్‌బీ వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి అరుగు మీద కూలబడింది.

"కోటేశ్వరమ్మా, రేపు నువ్వు గుంటూరు రావాలమ్మా. తలకి తగిలిన దెబ్బకి డాక్టరు ఇంకేదో పరీక్ష రాశాడు. మెదడుకి తీగలు పెట్టి చూస్తారంట. వాళ్ళు చెప్పేది నాకెక్కడ అర్థమయ్యిద్ది? కోడలు సిద్దికా చూస్తే కాన్పు ఇయ్యాలో రేపో అన్నట్టుంది, దాన్ని వదిలి నేను రాలేను."

"వస్తాలే అక్కా. దానికింత అడగాలా?"

"ముందురోజు రాత్రి నిద్రపోనివ్వకుండా తీసుకురమ్మన్నారు." లాల్‌బీ నవ్వబోయి ఆగింది. "వాడు పడుకుంటే గదా! ఆ రోజు కాణ్ణించీ మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తా ఉంటాడు. ఏందిరా అంటే, వెతుక్కుంటన్నానమ్మా అంటాడు. ఏం పోయిందిరా అంటే చెప్పడు."

పొద్దు వాలాక సంజీవరావు బండి వచ్చి ఆగింది. ముఠా కోతకి పోయేది ఈయన చేలోకే. బండి దిగలేదు, ఒక కాలు కింద ఆనించి మాట్లాడాడు.

"ఏమ్మా, చెయ్యెట్టా ఉంది? శుక్రవారం సంగతి గుర్తుందిగా. గేదె అడ్డమొచ్చిందని చెప్పు, సరిపోద్ది."

"లేని గేదెని నేనెక్కణ్ణించి తోలుకొచ్చేదండీ?"

"మెలకువగా ఉన్నాడంటన్నావు గదా, దానికి తోడు ఒక గేదె. నీదేం పోయింది?"

"మెలకువగా ఉన్నాడు, అది చెప్తా. నేను చూసింది అదే."

"నీ చాదస్తంతో చచ్చిపోవాల." సంజీవరావు బండి స్టార్టు చేశాడు. "సరే, అట్టాగే కానీ. శనివారం నించి మా బావమరిది ఆటో ఇప్పిస్తన్నా, ఇషాక్‌నే తోలమన్నా. వాడికీ పని కావాలి గదా. ఇంకా నాలుగెకరాల కాయ చెట్టు మీదుంది, మబ్బు పట్టిందంటే సగం తాలయిపోద్ది. ముఠాని కూడగట్టు."

పంటకి ఆయన పడుతున్న భయం తప్పు కాదనే అనిపించింది కోటేశ్వరికి. కొబ్బరినూనెతో వేళ్ళు రుద్దుకుంటూ, శనివారానికి ఎవరెవరు రాగలరో లెక్కేసుకుంది. వెంకటరావమ్మ పేరు కూడా లెక్కలోకి వచ్చేసింది. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టుకుంది.

బుధవారం చిలకలూరిపేటలో గుంటూరు బస్సు ఎక్కితే సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఇషాక్ కూర్చోలేదు. పై కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళవాడు, పదమూడు రోజుల్లో చొక్కా భుజాల మీదనుంచి జారిపోతోంది. నుదుటి మీద ప్లాస్టరు అంచు మురికి పట్టి లేచింది.

"కూర్చోరా."

"కూర్చుంటే పట్టేస్తదేమో అక్కా. వద్దన్నారు గదా."

మిల్లుల గోడలు దాటి బస్సు హైవే ఎక్కాక వంగి, ఆమెకి మాత్రమే వినపడేట్టు అడిగాడు.

"అక్కా, ఆ రోజు ఉంగరం సంగతి చెప్తన్నావు. తోడికోడలు బీరువా తీసింది. అక్కడిదాకా నాకు తెలుసు. ఆ తర్వాత నీళ్ళు, మీ అరుపులు. బీరువాకీ నీళ్ళకీ మధ్య ఏముంది?"

"ఏముంటది? బీరువా తీసిందన్నా, పడిపోయాం."

"అంతేనా?"

"అంతే."

"నేను నిద్రపోలేదు గదా?"

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? ఊఁ కొడతన్నావు, నేను విన్లా?"

ఇషాక్ తల ఊపి కిటికీలోంచి బయటికి చూశాడు. కోటేశ్వరి ఒళ్ళోని ఆస్పత్రి కాగితాల సంచీ సర్దుకుంది. బీరువా తర్వాత కథ ఇంకా నడిచింది. బీరువాలో ఉంగరం లేదు, అత్తగారు తలుపు దగ్గర నిలబడి చూసింది, తోడికోడలు తడబడింది. అదంతా చెప్పిన గుర్తు ఉంది. కానీ పడ్డాక ఎవరికి ఏది సరిగ్గా గుర్తుంటుంది? అంతకుముందు రోజు చెప్పిన ముక్కేమో. అలా అనుకుని సంచీ నోరు ముడేసింది.

పరీక్ష చేసే గది చిన్నది, కిటికీకి మందపాటి పరదా వేసుంది. తేజశ్రీ అనే అమ్మాయి చేస్తోంది. పాతికేళ్ళు ఉంటాయేమో, చున్నీని పిన్నులతో బిగించుకుని ఉంది. ఇషాక్ లోపలికి రాగానే రెండుసార్లు తుమ్మింది.

"మిరపకోతల ఊరా అన్నయ్యా? బట్టల్లోంచే ఘాటు కొడుతోంది. తలకి నూనె రాయలేదు కదా?"

టేపుతో తల కొలిచింది. ముక్కు మొదలునుంచి తల వెనక బుడిపె దాకా ఒకసారి, చెవినుంచి చెవికి ఒకసారి. ఎర్ర పెన్సిలుతో జుట్టు పాయలు తీస్తూ గుర్తులు పెట్టింది. ఒక్కో గుర్తు దగ్గరా దూదితో గరుగ్గా రుద్ది, తెల్లటి జిగురు వేసి, తీగ చివరున్న చిన్న బిళ్ళని అదిమి పెట్టింది. ఒకటి సరిగ్గా అంటుకోలేదని పీకి, తుడిచి, మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఆ పని తీరు కోటేశ్వరికి నచ్చింది. ఇరవై దాకా తీగలు జడలా కలిసి గోడ పక్కనున్న పెట్టెలోకి వెళ్ళాయి. దిండు మీద వెనక్కి వాలి, తల కదపకుండా ఇషాక్ కళ్ళు మాత్రం తిప్పి కోటేశ్వరి వైపు చూశాడు.

"ముందు పదిహేను నిమిషాలు మెలకువగా ఉండాలి, తర్వాత పడుకోవచ్చు," అంది తేజశ్రీ లైటు తగ్గిస్తూ. "ఆంటీ, మీరు ఆ స్టూలు మీద కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. నిద్రపోనివ్వద్దు."

"నిద్రపోనివ్వకుండా ఉంచటం నాకు అలవాటేలేమ్మా," అంది కోటేశ్వరి.

సీరియల్ చూసి రెండు వారాలైంది. అందుకని కల్పించి చెప్పింది. తోడికోడలు పుట్టింటికి పోయిందనీ, అక్కడ వదిన తిండి పెట్టలేదనీ, బస్టాండులో ఎవరో కనిపించారనీ. ఇషాక్ కళ్ళు సగం తెరుచుకునే ఉన్నాయి. ఊఁ. ఊఁ. ఆమెకి కూడా మెల్లగా కథ పట్టుబడింది. మాట మాటకీ మధ్య సరిగ్గా అతని ఊఁకి పట్టేంత జాగా వదులుతోంది.

"ఆంటీ, నిద్రపోనివ్వద్దన్నాను కదా," అంది తేజశ్రీ కంప్యూటరు తెర వైపునుంచి.

"నిద్రేంటమ్మా? ఊఁ కొడతన్నాడు, వినపళ్ళా?"

తేజశ్రీ చేత్తో సైగ చేసింది. "కథ ఆపకుండా ఇటు రండి."

కోటేశ్వరి చెప్తూనే లేచింది. బస్టాండులో కనిపించినాయన చిన్నప్పటి మేనమామ, అని చెప్తూ తెర దగ్గరికి వచ్చింది. ఊఁ, అన్నాడు వెనకనుంచి ఇషాక్. తెర నిండా అడ్డంగా గీతలు, ఒకదాని కింద ఒకటి. ఎడమ పక్కన అవి సన్నగా, దగ్గర దగ్గరగా, చీమలబారులా ఉన్నాయి. కుడి పక్కకి వచ్చేసరికి వెడల్పయి, బద్ధకంగా, గాలి లేనప్పుడు చెరువులో నీళ్ళలా కదులుతున్నాయి.

తేజశ్రీ పెన్ను మొనతో ఆ వెడల్పాటి గీతల్ని చూపించి, గొంతు తగ్గించి చెప్పింది. "జవాబు చెప్పాల్సింది ఏదన్నా అడగండి."

"ఇషాకూ," అంది కోటేశ్వరి, కథ చెప్పే గొంతుతోనే. "మీ అమ్మ పేరేంటిరా?"

"ఊఁ," అన్నాడు ఇషాక్.

కోటేశ్వరి వెనక్కి తిరిగి చూసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చీకట్లో తడిగా మెరుస్తూ, ఆమె వైపే ఉన్నాయి. వాటిలో ఎవరూ లేరు.

అంతలో తెర మీద గీతలన్నీ ఒక్కసారిగా దగ్గరికొచ్చి చిన్నవయ్యాయి. "చెప్పక్కా, వింటన్నా," అన్నాడు ఇషాక్. "మేనమామ ఏమన్నాడు?"

తేజశ్రీ బయట వరండాలో చెప్పింది. చాలారోజులు నిద్ర లేనివాళ్ళకి ఇలా వస్తుంది. నాలుగు సెకన్లు, అయిదు, ఒక్కోసారి పది. కళ్ళు మూతపడనక్కర్లేదు. అలవాటైన పని చెయ్యి చేసేస్తుంది, నోరు అనేస్తుంది, మెదడు మాత్రం అక్కడ ఉండదు. లేచాక పోయిన సంగతే వాళ్ళకి తెలియదు. "మెలకువగానే ఉన్నానని ఒట్టేసి చెప్తారు ఆంటీ. అబద్ధం కాదది. నిజంగానే అలా అనుకుంటారు."

"ఆ రోజు కూడా ఇట్టాగే జరిగిందంటావా?"

"ఏ రోజు?"

కోటేశ్వరి చెప్పింది. తేజశ్రీ చేతికున్న జిగురుని గుడ్డతో తుడుచుకుంటూ విన్నది. ముఖం మారింది కానీ మాట తూచినట్టే అంది. "ఆ రోజు ఏం జరిగిందో ఈ మిషను చెప్పదండీ. ఇవాళ ఏం జరిగిందో చెప్తుంది, అంతే. రిపోర్టు డాక్టరుగారు రాస్తారు. బండి మాత్రం తోలనివ్వకండి."

తిరుగు బస్సులో ఇషాక్ అడిగాడు. "ఏమందక్కా ఆ పిల్ల?"

"రిపోర్టు డాక్టరు రాస్తాడంట," అంది కోటేశ్వరి.

గురువారం భోజనాలయ్యాక ఆమె ఎవరికీ చెప్పకుండా వినుకొండ వైపు పోయే సర్వీసు ఆటో ఎక్కి తూము దగ్గర దిగింది. ఎండ నిలువునా కాస్తోంది. రోడ్డు తిన్నగా ఉంది. గుంట లేదు, మలుపు లేదు. తూము గోడకి ఆటో రంగు అంటుకున్న గీత, కింద నడుం దాకా నీళ్ళు. నీళ్ళ అంచున ఒక ప్లాస్టిక్ చెప్పు నాచు పట్టి ఉంది. ఎవరిదో పోల్చుకోవడానికి ఆమె వంగలేదు.

రోడ్డు వెంబడి వెనక్కి నడిచింది. పొగాకు ఆరబెట్టే బ్యారను కొట్టు దాటుతుండగా బీరువా దగ్గరికి వచ్చిన గుర్తు. ఎర్రగా కాలిన ఆ ఇటుకల గోడ ఆటో లైటులో చూసే, తోడికోడలి చీర అదే రంగని చెప్పింది. అక్కడ ఆగి, వెనుదిరిగి, తూము వైపు నడుస్తూ ఆ రోజు చెప్పిన కథని పెదవులతో చెప్పుకోవటం మొదలుపెట్టింది. బీరువా తీసింది. ఉంగరం లేదు. అత్తగారు తలుపు దగ్గర నిలబడింది.

ఆ రోజు అక్కడ కథ ఆపింది తను. అత్తగారి మాట రాగానే లాల్‌బీ గుర్తుకొచ్చి, మధ్యలో అడిగింది. "ఒరే ఇషాకూ, సిద్దికాకి ఎన్నో నెలరా?"

"ఊఁ," అన్నాడు ఇషాక్.

వెనక ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. "ఎన్నో నెలరా అంటే ఊఁ అంటాడు, సిగ్గు చూడు!" అంది కోటేశ్వరి. అందరికన్నా పెద్దగా నవ్వింది వెంకటరావమ్మ. నవ్వుతూనే, "కొత్తపెళ్ళికొడుకు!" అంది. ఆమె నోటినుంచి వచ్చిన ఆఖరి మాట అదే.

గిల్లలేదు. ఊఁ అన్నాడు కదా. గిల్లాల్సింది ఊఁ ఆగితే.

కోటేశ్వరి రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. వెనకనుంచి వస్తున్న పత్తి లారీ పెద్దగా హారన్ కొట్టి, డ్రైవరు తల బయటపెట్టి తిట్టి, పక్కనుంచి పోయింది. ఆ దుమ్ము అణిగేదాకా ఆమె కదల్లేదు. తర్వాత తూము దాకా నడిచింది, మిగిలిన కథ చెప్పుకుంటూ. తోడికోడలు తడబడింది, ఊఁ. చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, ఊఁ. అత్తగారు ఒక్క అడుగు ముందుకేసింది. అక్కడ తూము గోడ వచ్చింది.

సాయంత్రం ఇషాక్ ఇంటికి వెళ్ళింది, ముందుగా అతనికి చెప్పాలని. సందులో కొత్త ఆటో ఉంది, సంజీవరావు పంపించింది. ఇషాక్ బకెట్టు పెట్టుకుని టైర్లు కడుగుతున్నాడు. గుమ్మంలో సిద్దికా నిండు పొట్టతో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"రా అక్కా! చూడు, ముందు సీటు పక్కన చెక్క తీయించి స్పాంజి వేయిస్తన్నా. నీకు ఒక పక్కే కూర్చుని నడుం పడిపోతంది గదా."

"ఒరే, ఇప్పుడే తోలాలా? ఇంకా కొన్నాళ్ళు..."

"తోలకపోతే ఎట్టా అక్కా?" ఇషాక్ గుడ్డ పిండుతూ అన్నాడు. "ఆపేశానంటే, నిద్రపోయాడు గాబట్టే మానేశాడంటారు. నువ్వు రేపు స్టేషన్లో చెప్పేశావంటే నా గుండెల మీద బండ దిగినట్టే. ఎల్లుండి నించి మామూలే." నవ్వాడు. నవ్వుతూ ఉండగానే చేతిలో గుడ్డ ఆగింది. నీళ్ళు దానిలోంచి అతని పాదం మీదికి కారుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మళ్ళీ గుడ్డ కదిలింది. "టీ తాగుతావా అక్కా?" అన్నాడు.

"వద్దురా," అంది కోటేశ్వరి. చెప్పాలని వచ్చిన మాట చెప్పలేదు. సిద్దికా చాట పక్కన పెట్టి లేవబోతుంటే, కూర్చోబెట్టి వచ్చేసింది.

శుక్రవారం పదకొండింటికి స్టేషన్లో రైటరు ముందు బల్ల మీద కూర్చుంది. ఇషాక్, లాల్‌బీ గోడ పక్కన నిలబడ్డారు. యలమంద గుమ్మం దగ్గర కింద కూర్చున్నాడు. సంజీవరావుకి ఎవరో కుర్చీ వేశారు. పొద్దుటినుంచీ లాల్‌బీ కోటేశ్వరి చెయ్యి వదల్లేదు, లోపలికి పిలిచాకే వదిలింది.

రైటరు కాగితం తిప్పి పెన్ను పట్టుకున్నాడు. "చెప్పమ్మా. పక్కనే కూర్చున్నావు కదా. ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు ఎట్టా ఉన్నాడు? మెలకువగా ఉన్నాడని రాసుకోనా?"

"లేడండీ," అంది కోటేశ్వరి. "నిద్రలో ఉన్నాడు."

రైటరు పెన్ను పైకెత్తాడు.

"మొన్నటిదాకా మెలకువగా ఉన్నాడని ఊరంతా చెప్పావంట?"

"చెప్పానండీ. ఊఁ కొడతంటే మెలకువనుకున్నా. ఎన్నో నెలరా అంటే ఊఁ అన్నాడు. నాకక్కడ తెలియాలి. సిగ్గనుకుని నవ్వా. ఇంకా రెండుసార్లు ఊఁ అన్నాడు. గిల్లితే లేచేవాడు. గిల్లలేదు."

"ఇదేందే!" లాల్‌బీ గొంతు చీలింది. "నా కొడుకు నీకేం ద్రోహం చేశాడే? నీ నోటితో చెప్తావని గదే..."

"అమ్మా, ఉండు," అన్నాడు ఇషాక్. అతను లాల్‌బీని చూడటం లేదు. కోటేశ్వరి నోటివైపే చూస్తున్నాడు, చెవిటివాడు చూసినట్టు.

"ఇంకా ఉందండీ," అంది కోటేశ్వరి. "ఆ రోజు తెల్లారుజామున గుంటూరు యార్డులో బస్తాలు దింపి తిన్నగా మా దగ్గరికే వచ్చాడు. అంతకుముందు రెండు రాత్రులు గూడా అంతే. సంజీవరావుగారి బస్తాలే. వచ్చి తల హ్యాండిలు మీద పెట్టి, అక్కా, పది నిమిషాలు నడుం వాలుస్తా అన్నాడు. నేనే వద్దన్నా. ఎండెక్కితే కోత సాగదు, దారిలో నేను కథ చెప్తా గదరా, నిద్రెట్టా వస్తది అన్నా. రాసుకోండి."

సంజీవరావు కుర్చీలో ముందుకి జరిగాడు. "రైటరుగారూ, అవన్నీ ఎందుకండీ ఇప్పుడు? డ్రైవరు నిద్రపోయాడంటంది, అయిపోయింది."

రైటరు కాసేపు రాశాడు. పెన్ను మూత పెట్టాడు. "సరేనమ్మా, వెళ్ళొచ్చు."

"చదవండి."

"ఏంటి?"

"నేను చెప్పింది ఏం రాశారో చదివి వినిపించండి."

రైటరు సంజీవరావు వైపొకసారి చూసి, గబగబా చదివాడు. డ్రైవరు నిద్రమత్తులో ఉండగా వాహనం అదుపు తప్పి. అంతటితో ఆగింది.

"మూడు రాత్రులు లేదు," అంది కోటేశ్వరి. "పది నిమిషాలు లేదు. నేను వద్దన్నది లేదు."

"కేసుకి పనికొచ్చేది రాశామమ్మా."

"సగం ఏరిన కాయ కొట్లో తీసుకోరండీ. మొత్తం రాయండి, లేకపోతే నేను చెప్పింది కొట్టేయండి. నేనిక్కడే కూర్చుంటా."

కూర్చుంది. రైటరు వేరే కాగితాలు తిరగేశాడు. ఎవరో వచ్చి ఫోను పోయిందని చెప్పుకుని వెళ్ళారు. సంజీవరావు లేచి బండి దగ్గరికి పోయాడు. గుమ్మం దగ్గరనుంచి యలమంద అన్నాడు. "రాయండి సార్. చచ్చింది మా మనిషి. నాక్కూడా మొత్తం వినాలనుంది."

రైటరు నిట్టూర్చి పెన్ను మూత తీశాడు. ఈసారి మెల్లగా రాశాడు, మధ్యలో రెండుసార్లు అడిగి మరీ. రాసింది చదివాడు. కోటేశ్వరి కళ్ళు మూసుకుని విన్నది. తన పేరు రెండుచోట్ల ఉంది. "సరిపోయింది," అని లేచింది.

బయట బస్సు ఆగే చోట రేకుల షెడ్డు కింద సిమెంటు బల్ల ఉంది. లాల్‌బీ దానికి ఆ చివర ముసుగు లాక్కుని, మొహం తిప్పుకుని కూర్చుంది. యలమంద స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇషాక్ కోటేశ్వరి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమో అనిపించింది ఆమెకి ఒక్క క్షణం. కొడితే పడదామనుకుంది.

"ఎంతసేపక్కా?"

"బ్యారను దగ్గర్నించి తూము దాకా."

ఇషాక్ ఆ దూరాన్ని మనసులో నడిచినట్టున్నాడు. పెదవులు కదిలాయి. "పదిహేను రోజుల్నించి వెతుకుతన్నా. మెలకువగా ఉంటే బ్రేకు ఎందుకు తొక్కలేదా అని. నాకేమన్నా పిచ్చా, కావాలని పోనిచ్చానా అని." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "అయితే నేనక్కడ లేను."

"లేవు."

జేబులోంచి కొత్త ఆటో తాళంచెవి తీసి కాసేపు చూసి, ఆమె చేతిలో పెట్టాడు. యలమంద వైపు ఒక అడుగు వేసి ఆగాడు. బల్ల మీద, తల్లికి రెండు బారల దూరంలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు గోడకి తల ఆనించాడు. అతని కళ్ళు ఈసారి మూతపడ్డాయి. గడ్డం గుండెల మీదికి జారింది, నోరు కొంచెం తెరుచుకుంది, చేతులు ఒళ్ళోనుంచి పక్కకి దొర్లాయి. కాసేపటికి గురక వినిపించింది.

ఎండ షెడ్డు అంచునుంచి జరుగుతూ అతని మోకాళ్ళ మీదికి వచ్చింది.

ఊరి బస్సు వచ్చి ఆగింది. దాని తర్వాత మళ్ళీ మూడింటికే. లాల్‌బీ ఉలిక్కిపడి లేచింది. "ఒరే, బస్సొచ్చింది, లేరా," అంటూ కొడుకు భుజం మీదికి చెయ్యి చాపింది.

స్తంభం దగ్గరనుంచి యలమంద ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యికి అడ్డంగా తన చెయ్యి పెట్టాడు. లాల్‌బీని ముట్టుకోలేదు. కండక్టరు తలుపు కొట్టి, "ఎక్కుతారా, ఎక్కరా?" అని అరిచాడు.

"పోండి," అన్నాడు యలమంద.

బస్సు వెళ్ళిపోయింది. అతను గుండు మీది తువ్వాలు తీసి, దులిపి, ఎండ పడుతున్న మోకాళ్ళ మీద కప్పి, మళ్ళీ స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.